వైపర్‌దే తప్పు

జూలై 3

ఈ రోజు ఒక కారు నన్ను కొట్టింది. గుద్దడం కాదు, కొట్టడమే. షాపులో ఒక బండికి కొత్త ముందద్దం బిగించాక అంచుల్లో గమ్ మరకలు తుడుస్తున్నాను. తడిగుడ్డ తగలగానే వాన పడుతోందనుకుంది మహాతల్లి. వైపర్ లేచి వేళ్ల కణుపుల మీద ఒక్కటిచ్చింది, బడిలో స్కేలు నిలువుగా తిప్పి కొట్టినట్టు. బండి ఆన్‌లోనే వదిలేసిన పెద్దమనిషి పక్కన నిలబడి నవ్వాడు.

"ఆటోమేటిక్ అమ్మా. దానికి అన్నీ తెలుసు" అన్నాడు.

నా చేతికీ వానకీ తేడా తెలియదు. దానికి అన్నీ తెలుసట.

"వైపర్ ఆటోలోంచి తీసెయ్యకుండా అద్దం ముట్టుకోవద్దని చెప్పానా లేదా?" అన్నాడు మా షాపు మేస్త్రి. చెప్పాడు. చెబితే ఏం? తుడవమని నేను చెప్పానా దానికి?

కణుపులు వాచాయి. పెన్ను పట్టుకుంటే లాగుతోంది. అయినా రాస్తున్నాను, కోపం చల్లారితే రాయబుద్ధి కాదు.

జూలై 5

లాయరు గారి కొత్త బండి నాన్నని పీక్కు తింటోంది.

నేను బడికి వెళ్లే రోజుల నుంచీ నాన్న ఆ ఇంటికే డ్రైవరు. పాత బండిలో స్టీరింగు పక్కన పుల్ల ఉండేది. నొక్కితే తుడిచేది, ఎత్తితే ఆగేది. మనిషి చెప్పిన మాట వినేది. కొత్తదానికి తెర ఉంది. వైపర్ వెయ్యాలంటే ఆ తెర మీద ఒక బొమ్మ నొక్కి, అందులో ఇంకో బొమ్మ నొక్కి, దాని కడుపులోకి వెళ్లాలి. ఈలోగా ఎదర లారీ వస్తే లారీని కాసేపు ఆగమనాలి కాబోలు.

"అద్దానికి మంచు పట్టినట్టుంటుంది అమ్మడూ" అన్నాడు నాన్న, చొక్కా అంచుతో కళ్లజోడు తుడుచుకుంటూ. "తుడుస్తుందేమోనని చూస్తా. తుడవదు. పోనీ నేనే వేద్దామంటే ఆ తెర మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి."

"ఆ చీమల్ని పెట్టినవాడిని తెచ్చి వానలో మన స్కూటరు తోలమనాలి" అన్నాను. నాన్న నవ్వాడు. చాలా రోజులకి.

హాల్లో ట్యూబులైటు మళ్లీ మార్చాను. ఇదీ మసకగానే ఉందట నాన్నకి. ఈ కాలం సరుకే అంత. బల్బు వెలగదు, వైపర్ తుడవదు, డబ్బా మీద మాత్రం నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ.

జూలై 8

నాన్న గేటు స్తంభానికి కొట్టాడు. లాయరు గారి సొంత గేటుకే. పొద్దున్నే సన్నగా తుంపర. వెనక సీట్లో లాయరు మనవరాలు ఉంది, బడికి బయల్దేరారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బండికి ఎడమవైపు దీపం పగిలింది, బంపరు నొక్కుకుపోయింది.

నాన్న వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"అద్దం మొత్తం మసక. అది తుడవలేదు" అన్నాడు.

"ఆ మాట లాయరుకి చెప్పావా?"

"చెప్పా. కంపెనీ బండయ్యా, నీకంటే దానికే ఎక్కువ తెలుసు అన్నారు. నెలాఖరు దాకా చూస్తారట. ఈలోగా పాపని అమ్మగారు వేరే బండిలో పంపిస్తారట."

పాపని తీసేసిందే నాన్నకి ఎక్కువ బాధ. ఉద్యోగం పోతుందన్నప్పుడు మామూలుగా చెప్పాడు. పాప మాట దగ్గర గొంతు మారింది.

ఇన్నేళ్లలో ఒక్క గీత పడనివ్వని మనిషి మాట చెల్లదు. నిన్న కాక మొన్న డబ్బాలోంచి ఊడిపడ్డ ముక్క మాట చెల్లుతుంది. సరే. ముక్కతోనే మాట్లాడతాను. అద్దాలు నా పని. వానని పసిగట్టే సెన్సర్ ఉండేది అద్దానికే.

జూలై 9

లాయరుకి ఫోను చేశాను. దీపం మార్చడానికి బండి ఎలాగూ వదలాలి, మా షాపుకి పంపండి, అద్దం కూడా చూస్తాను అన్నాను. "నువ్వు ఏం చదివావమ్మా?" అన్నాడు. అద్దాలు చదివాను అన్నాను.

జూలై 11

బండి వచ్చింది. తెల్లగా, కడిగిన ప్లేటులా ఉంది. చూస్తేనే ఒళ్లు మండింది.

మగ్గుతో నీళ్లు చిలకరించాను. తుడిచింది. సన్నగా స్ప్రే కొట్టాను. తుడిచింది. ఆపాను. ఆగింది. బకెట్టు ఎత్తి కుమ్మరించాను. గబగబా తుడిచి, నెమ్మదించి, బుద్ధిగా పడుకుంది. ఎన్నిసార్లు చేసినా అంతే. బయటివాళ్ల ముందు బుద్ధిమంతురాలు. ఇంటికెళ్లాక నాన్నకి నరకం. ఇలాంటి మనుషుల్ని చూశాను కానీ యంత్రాన్ని చూడటం ఇదే మొదలు.

మేస్త్రి గడప మీద కూర్చుని టీ తాగుతూ చూస్తున్నాడు.

"బాగానే ఉంది కదే పిల్లా."

"నటిస్తోంది."

"వైపరా?"

"మీకు తెలీదు, ఊరుకోండి."

నవ్వి ఊరుకున్నాడు. ముప్పావు జీవితం అద్దాలతో గడిపాడు కాబట్టి ఆయనకి అన్నీ అద్దంలా కనిపిస్తాయి.

జూలై 12

డ్రైవరు వెనక్కి చూసుకునే చిన్నద్దం వెనక, ముందద్దానికి అంటుకుని అగ్గిపెట్టంత నల్లడబ్బా, అదే ఈ మహారాణి. వానని చూడదు, వినదు. కంటికి కనపడని వెలుతురుని అద్దంలోకి వదిలి కూర్చుంటుంది. అద్దం పొడిగా ఉంటే వెలుతురు తిరిగి వస్తుంది. చుక్క పడితే కొంత చెదిరి బయటికి పోతుంది. తిరిగొచ్చింది తగ్గితే వాన అని తేల్చుకుంటుంది. ఇదీ దాని తెలివి. పక్షి రెట్ట వేసినా వానే. చెట్టు జిగురు పడినా వానే. నిజమైన తుంపర పడితే మాత్రం ఆలోచిస్తుంది. పక్కన బస్సు బురద చిమ్మితే ఎండిపోయిన రబ్బరుతో కీచుకీచుమని మొత్తం పూసి పెడుతుంది.

అసలు వానొచ్చిందని మనిషికి చెప్పడానికి యంత్రం ఎందుకు? వాన అంత రహస్యమా? కళ్లున్నాయి, చెయ్యి ఉంది, పుల్ల ఉంది. ఇంక ఏం తక్కువైందని?

జూలై 14

నాన్న టీలో పంచదార బదులు ఉప్పు వేశాడు. అమ్మ నోట్లో పోసుకుని సింకు దగ్గరికి పరుగు. "మీ నాన్నకి నా మీద పగ ఏమన్నా ఉంటే నోటితో చెప్పమను" అంది.

డబ్బాలు రెండూ ఒకేలా ఉన్నాయని నాన్న. నిజమే, ఉన్నాయి. మూతలు మాత్రం ఒకటి ఎరుపు, ఒకటి నీలం.

మనసు బాగాలేక అలా చేస్తున్నాడు. లాయరు వల్ల. ఆ నల్లడబ్బా సెన్సర్ వల్ల.

జూలై 15

జెల్ మార్చాను. సెన్సర్‌కీ అద్దానికీ మధ్య మెత్తగా ఉండే బిళ్ల అది. పాతది పీకి, శుభ్రం చేసి, కొత్తది వేసి బొటనవేలితో ఒత్తాను. బండి నాన్నకి ఇచ్చాను. అలా ఒక చుట్టు వేసి వచ్చి "ఇంకా అలాగే ఉందమ్మడూ" అన్నాడు. మొహమాటంగా అన్నాడు, నా పని బాగాలేదని అంటున్నట్టు.

ఎండ కాస్తోంది అప్పుడు. ఎండలో అద్దాలు మెరుస్తాయి. అలా ఉండొచ్చు.

నాన్న వెళ్లాక మేస్త్రి నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు.

"జెల్ మార్చావు. రబ్బర్లు మార్చావు. అద్దం నున్నగా ఉంది. ఒకసారి మీ నాన్నని కూడా చూపించవే."

"ఎవరికి చూపించాలి?"

"ఎవరికి చూపిస్తారు? కళ్ల డాక్టరుకి."

చేతిలో గుడ్డ ఆయన కాళ్ల దగ్గర విసిరి కొట్టాను. మీ బండ్లు అన్నీ బాగానే ఉంటాయి, మనుషులదే తప్పు, మీరు కూడా కంపెనీవాళ్ల మాటే మాట్లాడండి అన్నాను. ఇంకా ఏవో అన్నాను. రాయను.

నాన్న నాకు డ్రైవింగు నేర్పించాడు. దూరంగా కుక్క లేస్తుంటే అది ఎటు దాటుతుందో ముందే చెప్పేవాడు. ఆయనకా కళ్ల డాక్టరు.

జూలై 16

మేస్త్రితో మాట్లాడలేదు.

జూలై 17

మాట్లాడలేదు. నా క్యారేజీ నేనే తిన్నాను. ఆయన తన డబ్బా మూత తీసి నా వైపు జరిపాడు. జరిపితే జరపనీ.

జూలై 18

దొరికింది. టార్చి పెట్టి అడ్డంగా చూస్తే జెల్ అంచున గాలిబుడగ. ఆవగింజంత. వెలుతురు దాని దగ్గర ఎప్పుడూ చెదిరిపోతూనే ఉంటే చుక్క పడిందని ఎలా తెలుస్తుంది, ఇంకేం తుడుస్తుంది? నేను ఒత్తేటప్పుడే మిగిలిందేమో అని ఒక్క క్షణం అనిపించింది. లేదు. మొదటి నుంచీ ఉండే ఉంటుంది. ముందున్న బిళ్లలోనూ ఉండే ఉంటుంది.

మేస్త్రి కూడా వంగి చూశాడు. ఏదో అన్నాడు. వినలేదు.

ఫోటో తీసుకుని నేరుగా లాయరు ఇంటికి వెళ్లాను. ఆయన ఆఫీసు గదిలో గోడల నిండా పుస్తకాలు, అన్నీ ఒకే రంగు అట్టలు. నన్ను కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"చూడమ్మా, మీ నాన్న మీద నాకు కోపం లేదు. వయసు..."

"వయసు సంగతి తర్వాత. ఇది చూడండి."

చూశాడు. బుడగ అంటే ఏమిటో చెప్పాను. వెలుతురు ఎలా చెదురుతుందో బల్ల మీద ఆయన గ్లాసు పెట్టి చూపించాను. వెనక్కి వాలి కూర్చున్నవాడు ముందుకి వంగాడు.

"అంటే లోపం ఉన్న బండి నాకు అంటగట్టారన్నమాట."

"అన్నమాట కాదు. ఉన్నమాట."

ఆయన కళ్లు మెరిశాయి. డ్రైవరు తప్పు అంటే ఆయనకి విసుగు. కంపెనీ తప్పు అంటే పండగ. వాళ్ల మీద నోటీసు పంపుతాడట. అది తుడవకుండా ఉండటం వీడియో తీసి తెమ్మన్నాడు. నాన్నని గదిలోకి పిలిపించి నా ముందే అన్నాడు, "ఏమయ్యా, నిన్ను అనవసరంగా అన్నాను. రేపట్నించి పాపని నువ్వే తీసుకెళ్లు."

గెలిచాను.

నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సంతోషించాడనే అనుకుంటా. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

జూలై 19

షాపులో అందరికీ టీ నేనే చెప్పాను. మేస్త్రికి తప్ప. తర్వాత ఆయనకి కూడా చెప్పాను. తాగాడు. శుభం అనలేదు.

జూలై 21

షాపుకి సెలవు. వీడియో కోసం నాన్నతో బడి దాకా వెళ్లాను. వరసగా రాస్తాను. వరస తప్పితే నేను మళ్లీ ఏదో ఒకటి సర్దేస్తాను.

బయల్దేరే ముందు అద్దం నేనే తుడిచాను. లోపలా బయటా, పొడిగుడ్డతో, షాపులో కస్టమరుకి అప్పగించే ముందు తుడిచినట్టు. ఆకాశంలో మబ్బు లేదు. వీడియోకి వాన కావాలి కదా, ఈ రోజు పనికాదు అన్నాను. "వాన అక్కర్లేదమ్మడూ, అది రోజూ ఉంటుంది" అన్నాడు నాన్న. ఆ మాట నేను విన్నాను. విని ఫోను తీసి కెమెరా పెట్టాను.

పాప వెనక కూర్చుంది. రెండు సీట్ల మధ్యలోంచి తల ముందుకి పెట్టింది. వెనక్కి జరిగి బెల్టు పెట్టుకోమన్నాను. "వెనక్కి జరిగితే నాకు కనపడదక్కా" అంది.

వీధి మలుపు తిరిగాం. ఎండ ఎదురుగా వచ్చింది.

"చూశావా, పట్టేసింది" అన్నాడు నాన్న. "తీస్తున్నావా? చూడు, తుడుస్తోందేమో. ఎలా తుడుస్తుంది? తుడవదు."

ఫోనులోకి చూశాను. రోడ్డు కనిపిస్తోంది. అవతలి షాపు బోర్డు మీద అక్షరాలు కనిపిస్తున్నాయి. మున్సిపాలిటీ ఊడ్చే మనిషి చేతిలో చీపురు పుల్లలు కనిపిస్తున్నాయి. ఫోను దించి అద్దంలోంచి చూశాను. అవే.

"తాతా, గుంత" అంది పాప.

నాన్న నెమ్మది చేశాడు. గుంత దాటింది.

"తాతా, ఎర్రలైటు."

ఆపాడు.

"తాతా, పచ్చ. ఎడంవైపు సైకిలు."

వెనక్కి తిరిగాను. "ఏంటి పాపా ఇది?" అన్నాను.

"ఇది మా ఆట అక్కా. తాత నడుపుతాడు, నేను చెబుతా. ఆ రోజు నిద్రొచ్చి గేటు చెప్పలేదు, అందుకే గుద్దేశాం. ఎవరికీ చెప్పకూడదు. నువ్వు తాతకి సొంతం కదా, చెప్పొచ్చు."

నాన్న నా వైపు తిరగలేదు.

"పక్కకి ఆపు నాన్నా."

"బడి దగ్గరకొచ్చాం అమ్మడూ, ఇంకెంత..."

"ఆపు."

ఆపాడు. నేను దిగి అటు వెళ్లి తలుపు తెరిచాను. నాన్న దిగి ఇటు వచ్చి కూర్చున్నాడు. పాపని నేను దింపాను. దిగేటప్పుడు నాన్న భుజం తట్టి "నేను ఓడిపోలేదు కదా తాతా?" అంది. లేదమ్మా అన్నాడు.

అదే రోజు, మధ్యాహ్నం

బడి దాటాక ఖాళీ స్థలం పక్కన బండి ఆపి అడిగాను. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ఎప్పట్నించి నాన్నా?"

"పాత బండి ఉన్నప్పుడే కొంచెం మొదలైంది. అప్పుడు పుల్ల నా చేతిలో ఉండేది. రెండుసార్లు తుడిస్తే పోయినట్టనిపించేది."

"పోయేదా?"

"అనిపించేది."

ఇంజను ఆపేశాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చా ఆ రోజు, గేటుకి కొట్టిన రోజు. అసలు మాట చెప్పేలోపే నువ్వు వైపర్‌ని తిట్టడం మొదలెట్టావు. అద్దాల పని తెలిసిన పిల్లవి, అంత గట్టిగా అంటుంటే నిజమే కాబోలనుకున్నా." కళ్లజోడు తీశాడు, తుడవబోయి ఆగాడు. "అద్దమే అయితే బాగుండునని నాకూ ఉంటుంది కదమ్మడూ."

తిడదామనుకున్నాను. పసిపిల్లని వెనక కూర్చోబెట్టుకుని ఎలా నడిపావు అని. సగం తిట్టాను కూడా. సగంలో నా ఫోటో గుర్తొచ్చింది. బుడగ. గ్లాసు. "ఉన్నమాట." పాపని తీసేసిన మనిషి చేత మళ్లీ పాపని ఇప్పించింది నేను.

ఆ రోజు మేస్త్రి ఏమన్నాడో నేను విన్నాను. వినలేదని రాశాను కానీ విన్నాను. "బుడగ అంచున ఉందే. దాని చూపు పడేది నడిమధ్య. అంచున ఏమున్నా దానికి అడ్డం రాదు" అన్నాడు. అది నాకూ తెలుసు. షాపులో ఇంకెవరి బండికైనా అయితే ఆ బుడగని చూసి, చాల్లే పో, అనేదాన్ని.

వెలుతురు ఎక్కడ చెదిరిపోతోందో చెప్పడానికి లాయరు బల్ల మీద గ్లాసు పెట్టాను. ఇంట్లో ట్యూబులైట్లు మార్చాను.

జూలై 22

లాయరుకి నేను చెబుతానన్నాను. నాన్న ఒప్పుకోలేదు.

"బండి నడిపింది నేను. నువ్వు కూర్చో."

పొద్దున ఆ ఇంటి ముందు బండి ఆపి స్టీరింగు ముందే కూర్చున్నాను. నాన్న గేటు స్తంభం ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకుని లోపలికి వెళ్లాడు. ఆ స్తంభం మీద బండి రంగు ఇంకా అలాగే ఉంది. నేను ఎన్నిసార్లు దాని పక్కనుంచి వెళ్లాను. ఏనుగంత స్తంభం. తుంపరలో కనపడకపోవడానికి అదేం దారమా?

తుంపర మొదలైంది.

ఇంజను ఆన్‌లోనే ఉంది. వైపర్‌ని చూస్తూ కూర్చున్నాను. మొదటి చుక్క. రెండోది. తుడవకే, తుడవకు, ఒక్కసారి తప్పు చెయ్యి, ఇప్పుడే లోపలికి పరిగెత్తి చూపిస్తాను అనుకున్నాను. మూడోదో నాలుగోదో పడింది. లేచింది. మెల్లగా ఒక్కసారి తుడిచి పడుకుంది. మళ్లీ నాలుగు చుక్కలు పడ్డాక మళ్లీ లేచింది. తొందర లేదు, ఆలస్యం లేదు. దరిద్రపుది. ఎంత చక్కగా తుడుస్తోందో.

నాన్న బయటికొచ్చాడు. వెనక లాయరు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఏమన్నాడో నాన్న తర్వాత చెప్పాడు: పాప పేరు ఒకసారి పైకే అనుకున్నాడట. చివరికి, ఈ బండిలోనే ఆస్పత్రికి వెళ్లి రమ్మన్నాడట. తాళాలు ఆ తర్వాత ఇవ్వమన్నాడట.

ఇవన్నీ తర్వాత. అప్పుడు మాత్రం నాన్న వానలో నేరుగా నా తలుపు దగ్గరికే వచ్చాడు. ఇన్నేళ్ల అలవాటు. హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. అద్దంలోంచి నేను కనిపించేదాకా ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. చూసి, చెయ్యి తీశాడు.

బండి ముందు నుంచి చుట్టి ఇటు రావడం మొదలుపెట్టాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, ఒక్కొక్క అడుగు. అద్దం నిండా చుక్కలు పడి ఆయన చెదిరిపోతున్నాడు. వైపర్ తుడుస్తోంది. నాన్న స్పష్టంగా కనిపిస్తున్నాడు. మళ్లీ చుక్కలు. మళ్లీ తుడుస్తోంది.

నేను దిగి పట్టుకోవలసింది. పట్టుకుంటే ఒప్పుకోడు. ఆయన తలుపు చేరుకునేదాకా అది తుడుస్తూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను.

ఎక్కి, తలుపు వేసుకుని, తడిసిన కళ్లజోడు తీసి నా చేతికిచ్చాడు.

"ఇది నువ్వు తుడువమ్మడూ" అన్నాడు.